నీలం కోసం వెళ్తే ఇల్లం కనిపించింది

ఆ దుకాణంలో ఒక గని ఉంది. పది మెట్లు కిందికి దిగితే మట్టిరంగు పూసిన ఫైబరు గోడలు, ప్లాస్టిక్ ఆకులు, తలకు తువ్వాలు చుట్టుకుని వంగి నిలబడిన బొమ్మ కూలీ. మీట నొక్కితే ఎక్కడో నీళ్లు కారుతున్న చప్పుడు. మా మామయ్య ఆ బొమ్మ చేతిలోని బుట్టలోకి తొంగి చూసి, "ఒరేయ్, ఇందులో రాళ్లు జిగురుతో అంటించారురా" అన్నాడు. కాస్త గట్టిగానే అన్నాడు. మా వెనక ఉన్న విదేశీ దంపతులకు తెలుగు రాదు కాబట్టి సరిపోయింది.

శ్రీలంకలో పర్యాటకులు తిరిగే దారుల్లో ఇలాంటి దుకాణాలు చాలానే తగులుతాయి. పర్యటన ఏర్పాటు చేసేవారు కాగితం మీద 'రత్నాల మ్యూజియం' అని రాసేది చాలాసార్లు వీటి గురించే. ముందు పావుగంట సినిమా, తర్వాత బొమ్మ గని, ఆ తర్వాత సానపట్టే మనుషులు ఇద్దరు ముగ్గురు, ఒక కప్పు టీ, చివరికి తలుపు తెరిస్తే తెల్లటి దీపాల కింద అద్దాల బీరువాలు. బయటపడాలంటే ఆ బీరువాలన్నీ దాటాల్సిందే. మనల్ని తీసుకొచ్చిన డ్రైవరు ఈలోగా వెనక గదిలో భోజనం చేస్తుంటాడు. మనం ఏదైనా కొంటే అందులో ఆయనకు కొంత ముడుతుంది.

మామయ్య సముద్రం దాటి వచ్చిందే నీలం కోసం. రెవెన్యూ శాఖలో సర్వేయరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఏలినాటి శని నడుస్తోందని, ఐదు కారట్ల నీలం పొదిగించి మధ్యవేలికి పెట్టుకోవాలని ఎవరో చెప్పారు. నీలం అందరికీ పడదట. మూడు రాత్రులు తలగడ కింద పెట్టుకుని, పీడకలలు రాకపోతేనే ఉంచుకోవాలట. మూడు రాత్రుల కోసం నీలాన్ని అరువిచ్చే వ్యాపారి మా ఊళ్లో దొరకలేదు. పుట్టిన చోటికే వెళ్లి చూసుకుందామని నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. నేను కొన్నేళ్లు చెన్నైలో ఉన్నాను, తమిళం వచ్చు, బేరానికి పనికొస్తానని ఆయన లెక్క.

దుకాణంలో ఒక రాయి నచ్చింది. "రంగు కోసం కొలిమిలో వేడి చేయనిది, భూమిలోంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది" అని అమ్మే అబ్బాయి మూడుసార్లు చెప్పాడు. మామయ్య ధ్రువపత్రం అడిగి, జేబులోంచి భూతద్దం తీసి, పాత దస్తావేజు చదివినట్టు చివరి పంక్తి దాకా చదివాడు. అడుగున, అన్నిటికంటే చిన్న అక్షరాల్లో, వేడి చేసిన ఆనవాళ్లున్నాయని రాసి ఉంది. ఆయన ఏమీ అనలేదు. పత్రం మడిచి ఇచ్చేసి, టీ బాగుందని చెప్పి బయటికి వచ్చేశాడు. కారు ఎక్కాక మాత్రం డ్రైవరును సూటిగా అడిగాడు. "బాబూ, ఆ గోడలు నిజం కాదు, ఆ మనిషి నిజం కాదు. నిజంది ఎక్కడుంది?" నేను తమిళంలో చెప్పాను. డ్రైవరు అద్దంలోంచి మమ్మల్ని చూసి, కాసేపు ఆలోచించి, "రేపు పొద్దున్నే లేవగలరా?" అన్నాడు.

ఆ పొద్దున చూసినదాన్ని బట్టే ఈ వ్యాసం. ఆ దీవి రత్నాల వారసత్వమంటూ మనకు చూపిస్తున్నది బీరువా. చూడాల్సింది పంపకం. మట్టిలోంచి దొరికినదాన్ని ఎవరెవరు ఏ లెక్కన పంచుకుంటారు, ఏ కన్ను దానికి వెల కడుతుంది, తవ్విన గుంటను చివరికి ఏం చేస్తారు అన్నవే శతాబ్దాల పాటు నిలిచి వచ్చిన ఆస్తి. రాయి ఎలాగూ దీవి దాటి వెళ్లిపోతుంది.

రత్నపుర కొలంబోకు ఆగ్నేయంగా సుమారు 100 కిలోమీటర్లు. పేరుకు రత్నాల పురమే గానీ మొదట కనబడేది వాన, పొలాలు, టీ, రబ్బరు తోటలు, మట్టిరంగు కళు గంగ. శ్రీపాద శిఖరానికి వెళ్లే ఒక దారి ఇటునుంచే మొదలవుతుంది. ఊరు దాటాక వరిమడి మధ్యలో ఆకుల పందిరి కనిపిస్తే, దాని కింద గుంట ఉందని అర్థం. తెలియనివాళ్లు మోటారు షెడ్డు అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం.

దగ్గరికి వెళ్తే గుంట నోరు మన ఇళ్లలోని మంచం అంత. నాలుగు పక్కలా రబ్బరు కర్రలు అడ్డంగా, ఒకదాని మీద ఒకటి చట్రాలుగా బిగించి ఉన్నాయి. కర్రలకూ మట్టికీ మధ్య పచ్చటి ఫెర్న్ ఆకులు దట్టంగా కూరారు. కెకిల్ల అంటారు. నీళ్లు ఊరుతూ బయటికి వస్తాయి, మట్టి మాత్రం ఆకుల వెనకే ఆగిపోతుంది. మామయ్య దాన్ని చాలాసేపు చూశాడు. సిమెంటు లేదు, మేకు లేదు. పక్కన డీజిలు పంపు దడదడమంటూ పసుపుపచ్చ నీళ్లు తోడి కాలువలోకి పోస్తోంది. లోపల నలభై అడుగుల కింద ఇద్దరు మనుషులు, వాళ్ల తలల మీద రెండు చిన్న దీపాలు. పైనుంచి చూస్తే బావిలో నక్షత్రాలు కనబడినట్టుంది. అక్కడి నుంచి పక్కకు సొరంగాలు తవ్వుకుంటూ ఇసుక, గులకరాళ్ల పొర వెంట పోతారు. ఆ పొర పేరే ఇల్లం. తమిళం తెలిసిన నాకు ఇల్లమంటే ఇల్లు. సింహళంలో మాత్రం రత్నాలు కాపురం ఉండే గులక.

ఎప్పటి గులక అది? కొండల్లోని రాతిలో 50 కోట్ల ఏళ్లకు పైబడిన నాడు, ఈ దీవి, మన దక్షిణాది, మడగాస్కర్ ఒకే భూఖండంగా అతుక్కుని ఉన్న కాలంలో, భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ పుట్టిన స్ఫటికాలవి. కొండ అరిగింది. మెత్తటిదంతా సముద్రానికి పోయింది. గట్టివి, బరువైనవి పాత నదుల అడుగున, ఇప్పటి పొలాల కింద ఆగిపోయాయి. అందుకే రత్నపుర రైతు వరి కోసే మడి కిందే నీలం ఉండే అవకాశం ఉంటుంది. 'ఆసియా నీలిసుందరి' అని పేరుపడ్డ 392 కారట్ల పైచిలుకు నీలం 1926లో దొరికింది ఇక్కడికి దగ్గరలోని పెల్మడుల్ల వరి పొలంలోనే. 2014లో జెనీవా వేలంలో అది కోటీ 70 లక్షల డాలర్లు దాటింది.

మేం వెళ్లిన రోజు గాలింపు రోజు. మా అదృష్టం కాదు, డ్రైవరు చలవ. తవ్విన ఇల్లాన్ని వెంటనే కడగరు. రోజుల తరబడి ఒకచోట గుట్టపోసి, భాగస్తులందరికీ కుదిరిన రోజున, అందరి కళ్లముందూ కడుగుతారు. ముందు సమన్ దేవుడికి దీపం పెట్టారు. తర్వాత నడుంలోతు నీళ్లలో నలుగురు నిలబడి, వెదురుతో అల్లిన వెడల్పాటి బుట్టల్లోకి గులక ఎత్తుకుని తిప్పడం మొదలుపెట్టారు.

ఆ తిప్పడం ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు వెతుక్కునే పని లేకపోయింది. మా అమ్మ బియ్యం గాలించేది. గిన్నెలో నీళ్లు పోసి, మణికట్టుతో చిన్న సుడి తిప్పుతూ, తేలిన బియ్యాన్ని రెండో గిన్నెలోకి జార్చేది. చివరికి అడుగున నాలుగు నల్లరాళ్లు మిగిలితే పెరట్లో పారబోసేది. ఇక్కడా అదే మణికట్టు, అదే సుడి. కాకపోతే అమ్మ పారేసిన వైపు వీళ్లకు కావాలి. తేలికైన ఇసుక బుట్ట అంచు మీదుగా పోతుంది. మామూలు పలుగురాయి నీటికంటే రెండున్నర రెట్లు పైచిలుకు బరువైతే, నీలం నాలుగు రెట్లు, జిర్కాన్ అనే మరో రత్నం ఇంకా ఎక్కువ. బుట్ట నడుమ కుదురుగా కూర్చునేది ఈ బరువైన జాతే. 'వెతకడం' అనే అర్థంలో మన పత్రికలు రోజూ వాడే గాలింపు అన్న మాటకు ఇంత సరైన బొమ్మను నేను ఎక్కడా చూడలేదు. పోలీసులు గాలించినట్టు కాదు, వంటింట్లో గాలించినట్టు.

బుట్ట ఒడ్డుకు రాగానే ఒక పెద్దాయన ముందు కూర్చున్నాడు. డెబ్బై దాటిన వయసు, కళ్లజోడు లేదు. బుట్టను సూర్యుడికి ఏటవాలుగా పట్టుకుని, అరచేత్తో గులకను పొరలు పొరలుగా పక్కకు నెడుతున్నాడు. నాకు అందులో మసిరంగు రాళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. ఆయన వేళ్లు ఆగిన చోట మాత్రం ఏదో ఒకటి మెరిసేది. గోమేధికం ముక్క. తేనెరంగు జిర్కాన్. గురివింద గింజంత స్పినెల్. వెల తక్కువైన చిన్న ముక్కలను దుల్లం అంటారు, ఒక డబ్బాలో వేశారు. దానికీ పనికిరాని బరువైన శేషం నంబువ. పద్నాలుగు బుట్టలయ్యాయి. నీలం అనదగ్గది ఒక్కటే వచ్చింది, కందిగింజంత, అదీ ఒక మూల మాత్రమే రంగు. అరిచినవాళ్లు లేరు, నిట్టూర్చినవాళ్లూ లేరు. ఒకాయన బీడీ వెలిగించుకున్నాడు.

అప్పుడు అడిగాడు మామయ్య, ముప్పై ఏళ్లు గొలుసు పట్టుకుని పొలాలు కొలిచిన మనిషి అడగాల్సిన ప్రశ్న. "ఈ భూమి ఎవరిది?"

జవాబు రావడానికి అరగంట పట్టింది. మధ్యలో నా తమిళం, డ్రైవరు సింహళం. ఆ గుంట లెక్క ఇది. దొరికినది అమ్మాక భూమి యజమానికి ఐదో వంతు. లైసెన్సు ఎవరి పేరున ఉందో వారికి పదో వంతు. పంపు ఎవరిదో వారికి పదో వంతు. మిగిలినదాంట్లో సగం పెట్టుబడి పెట్టినవాడికి, సగం కూలీలకు. ఒక్కో గుంటలో ఒక్కో రకంగా మారుతుందట గానీ అస్థిపంజరం ఇదే. పెట్టుబడి అంటే కోట్లు కాదు. కర్రలు, డీజిలు, అన్నిటికంటే ముఖ్యంగా రాయి దొరికేదాకా కూలీలకు అన్నం. ఆరు నెలలు ఏమీ దొరక్కపోయినా పొయ్యి ఆరకూడదు. దొరక్కపోతే ఆ ఖర్చు అంతా అన్నం పెట్టినవాడి నెత్తిన పడుతుంది, కూలీలు బాకీ ఉండరు.

మామయ్య తన చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. "మనవైపు సగపాలు సేద్యం ఇలాగే ఉండేదిరా. కానీ పంట పోతే పాలికాపు మెడకే చుట్టుకునేది" అన్నాడు. తర్వాత లెక్క కట్టాడు. కూలీలు ఆరుగురు. లక్ష రూపాయల రాయి దొరికితే ఒక్కొక్కరికి ఐదు వేలు. "ఇది పంపకమా, పేరు గొప్పా?" అని నన్నే అడిగాడు. అది నిజమైన ప్రశ్నే, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ఈ పంపకానికి వెనక చట్టం ఉంది. 1971లో ప్రభుత్వ రత్నాల సంస్థ కోసం ఒక చట్టం, 1993లో దాని స్థానంలో జాతీయ రత్నాభరణాల అథారిటీ కోసం మరొకటి వచ్చాయి. గుంట తవ్వాలంటే లైసెన్సు, లైసెన్సు కావాలంటే గుంటను తిరిగి పూడుస్తానని డబ్బు డిపాజిట్టు. యంత్రాలకు తలుపులు పూర్తిగా మూయలేదు, ప్రత్యేక అనుమతులున్నాయి. కానీ ఎక్కువ తవ్వకం ఇప్పటికీ చేతులతో, చిన్న గుంటల్లోనే. మేం నిలబడిన మడికి అవతల నిగనిగలాడుతున్న వరి చూపించి, మొన్నమొన్నటి దాకా అక్కడ మూడు గుంటలుండేవని చెప్పారు. పూడ్చిన గుర్తు కూడా లేదు. భూమి లోపలి ధనం తీసుకుని పైన పంటను మళ్లీ అక్కడే పెట్టడం గనుల లోకంలో ఎంత అరుదో, మన గ్రానైట్ కొండల మొండేలు చూసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఎవరి వంతు ఎంత అన్న తగవు ఆ దీవిలో రత్నాలంత పాతది. 1344లో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా శ్రీపాద చూడటానికి వచ్చాడు. ఆనాటి నాణేల్లో 100 ఫణాలు, ఆ పైన విలువ చేసే కెంపులన్నీ రాజువని, అయితే వాటికి వెల కట్టి తీసుకుంటాడని, అంతకు తక్కువవి దొరికినవారికే వదిలేస్తారని రాశాడు. అంతకు ముందే మార్కో పోలో అరచేతి పొడవున్న, మనిషి చేయంత లావున్న కెంపు అక్కడి రాజు దగ్గరుందని చెప్పుకొచ్చాడు. ఆ కెంపు సంగతి ఎవరికి తెలుసు గానీ, నాకు మాత్రం మార్కో పోలో కెంపుకన్నా ఇబ్న్ బతూతా రేటు ఎక్కువ మెరిసింది. పర్యాటక పుస్తకాలన్నీ మొదటిదాన్నే ఎత్తి రాస్తాయి. ఇంకోమాట, రెడ్డిరాజుల కాలంలో అవచి తిప్పయసెట్టి అనే వర్తకుడు ఏ దేశం నుంచి ఏం తెప్పించాడో శ్రీనాథుడు జాబితా చెబుతాడు. ఆ పద్యంలో సింహళం వంతుకు వచ్చింది మదపుటేనుగులు!

పేర్ల సంగతీ చెప్పాలి, ఎందుకంటే వారసత్వం మొదట జారిపోయేది పేర్లలోనే. కెంపు, నీలం, పుష్యరాగం మూడూ ఒకే ఖనిజం. ప్రపంచమంతా దాన్ని కోరండం అంటుంది. ఆ మాట మన కురువిందానికి, తమిళుల కురుందానికి చుట్టమే. టూర్మలిన్ అనే రత్నం పేరు సింహళంలోని తోరమల్లి నుంచి డచ్చివాళ్ల నోట పడి ఐరోపా చేరింది. మనకు మాణిక్యమంటే కెంపు, వాళ్లకు మెణిక్ అంటే ఏ రత్నమైనా. మనకు పద్మరాగమన్నా కెంపే; అక్కడ మాత్రం గులాబీ, నారింజ కలిసిన తామరపువ్వు రంగు రాయికి ఆ పేరు. అదే మాట ఐరోపా చుట్టి 'పద్పరాద్జా' అయి తిరిగి వచ్చేసరికి మన నగల దుకాణాల్లో అది విదేశీ పేరులా పలుకుతున్నారు. నవరత్నాల్లో తొమ్మిదింటికి ఆరు, అంటే కెంపు, నీలం, పుష్యరాగం, వైడూర్యం, గోమేధికం, ఒకప్పటి మన్నారు సింధుశాఖ ముత్యంతో కలిపి, ఆ చిన్న దీవి చుట్టూనే దొరుకుతాయి. మన పంచాంగాలు ఇన్ని శతాబ్దాలుగా ఆ దీవికి పంపిన గిరాకీ తక్కువేమీ కాదు.

పెద్ద రాళ్లకు పెట్టిన పేర్లయితే మరీ విడ్డూరం. న్యూయార్క్‌లోని ప్రకృతి చరిత్ర మ్యూజియంలో 563 కారట్ల నక్షత్ర నీలం ఉంది, 1964లో దొంగలు ఎత్తుకుపోతే మళ్లీ దొరికింది. పుట్టింది శ్రీలంకలో. పేరు 'స్టార్ ఆఫ్ ఇండియా'. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్‌లో 423 కారట్ల నీలం ఉంది, అదీ ఇక్కడిదే. దాని పేరు దానమిచ్చిన ఆవిడ ఇంటిపేరైన లోగన్. గుంటలోకి దిగినవాడి పేరు ఎక్కడా లేకపోవడం మామూలే అనుకున్నా, దీవి పేరు కూడా లేకుండా పోయింది.

మర్నాడు పొద్దున్నే రత్నపుర బజారుకు వెళ్లాం. దుకాణాల బజారు కాదు, వీధి. వందల మంది మగవాళ్లు, చేతుల్లో మడతపెట్టిన తెల్లకాగితం పొట్లాలు, చొక్కా జేబుల్లో చిన్న టార్చిలు. సూర్యుడు ఒక ఎత్తుకు వచ్చాకే బేరాలు ఊపందుకుంటాయి, మధ్యాహ్నానికి పలచబడతాయి. రంగును పగటి వెలుతురులోనే చూడాలి. దళారి వేరేవాళ్ల రాళ్లను రసీదు లేకుండా, నోటిమాట మీద పట్టుకుని తిరుగుతాడు. రాయి అమ్ముడుపోకపోతే సాయంత్రానికి తిరిగి ఇస్తాడు. మాట తప్పినవాడికి మర్నాడు ఆ వీధిలో పొట్లం ఇచ్చేవారు ఉండరు. పశ్చిమ తీరాన బేరువలలోనూ ఇలాంటి బజారే ఉంది. అక్కడి వర్తకంలో తరతరాలుగా ముస్లిం కుటుంబాలదే పైచేయి. తమిళం నాకు అక్కరకు వచ్చింది ఈ వీధుల్లోనే.

ఆ వీధిలో అసలు సరుకు చూపు. చూపు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి గెఉడ కథ ఒక్కటి చాలు. పాలు కలిసినట్టు మసకగా ఉండే కురువిందం అది. పనికిరాదని శ్రీలంక గనివాళ్లు పక్కన పడేసేవారు. 1970లలో థాయ్‌లాండ్ వర్తకులు వచ్చి అగ్గువకు మూటలు కట్టుకుపోయారు. 1,500 డిగ్రీల సెల్సియస్ దాటిన కొలిమిలో కాలిస్తే లోపలి మసక సూదులు కరిగి, వాటిలోని టైటానియం రాతిలోని ఇనుముతో జతకట్టి చక్కటి నీలి రంగు తెస్తుంది. చాలాకాలం ఆ రహస్యం శ్రీలంకవాళ్లకు తెలియలేదు. తెలిసేలోపు మూటలు దాటిపోయాయి. ఊదుగొట్టంతో బొగ్గుల మీద రాళ్లు కాల్చడం వాళ్లకు పాత విద్యే, అయినా ఆ సెగ దీనికి చాలలేదు. ఇది ఒక్క దీవి పొరపాటు అనుకోకండి. 1945లో డబ్లిన్‌లో టాఫే అనే ఆయన నగల వర్తకుడి పెట్టెలోంచి స్పినెల్ అనుకుని కొన్న సానపట్టిన రాయి, అప్పటిదాకా లోకానికి తెలియని కొత్త ఖనిజమని తేలింది. ఆయన పేరే దానికి పెట్టారు. దాని పుట్టిల్లు ఈ దీవేనని తర్వాత తెలిసింది. ఎన్ని బుట్టల్లోంచి, ఎన్ని పొట్లాల్లోంచి దాటిపోయి ఉంటుందో!

ఇదంతా చూస్తూ మామయ్య అన్నాడు, "జొన్నగిరిలో ఇలాంటి వీధి ఉంటే..." వాక్యం పూర్తి చేయలేదు. నాకు అర్థమైంది. తొలకరి పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి పొలాల్లో జనం నేలకేసి చూస్తూ నడుస్తారు. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చి గుడి అరుగుల మీద పడుకుంటారు. వాన కడిగిన ఎర్రమట్టిలో వజ్రం మెరిస్తే గంటలో దళారి వచ్చేస్తాడు, గుట్టుగా బేరం అయిపోతుంది. దొరికినవాడికి దాని వెల తెలియదు, తెలుసుకునే చోటు లేదు, పొలం యజమానికి ఎంత రావాలో నియమం లేదు. మర్నాడు పత్రికలో "కూలీకి వజ్రం" అని వస్తుంది. ఎంతకు అమ్మాడో రాస్తారు. ఎంత విలువైనదో రాయరు.

వజ్రాలకు లోకమంతటికీ మనమే పుట్టిల్లుగా ఉన్న కాలం ఒకటుంది. కృష్ణ ఒడ్డున కొల్లూరులో 60,000 మంది దాకా పనిచేస్తున్నారని 17వ శతాబ్దంలో ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే రాశాడు. ఇప్పుడు ఆ కొల్లూరు పులిచింతల నీళ్లలో ఉంది. ఆనకట్ట కట్టడాన్ని తప్పుపట్టడం లేదు. కానీ అన్ని వేలమంది చేతుల్లో ఉన్న విద్య, వాళ్ల బుట్ట పేరు, పొర పేరు, పంపకపు మాట, ఒక్కటైనా మన నోట మిగిలిందా? కోహినూరు ఎవరిదని మాత్రం ఏటా వాదించుకుంటాం. రత్నపుర మడిలో డెబ్బై ఏళ్ల మనిషి దుల్లం, నంబువ అని వేళ్లతో వేరు చేస్తుంటే నాకు కలిగింది ఈర్ష్య.

అలాగని ఆ గుంటలను పూజగదిలో పెట్టడం నా ఉద్దేశం కాదు. ఐదు శాతం వాటా కోసం నలభై అడుగుల కింద నీళ్లలో వంగి పనిచేయడం కవిత్వం కాదు. వానాకాలం గుంటలు కూలుతాయి, మనుషులు పోతారు. చాలాచోట్ల ఆడవాళ్లను గని దగ్గరికే రానివ్వరు, అరిష్టమట; మా ఇంటి ఆడవాళ్లెవరైనా వెంట ఉంటే మేం ఆ పందిరి దాకా వెళ్లేవాళ్లమే కాదేమో. సంప్రదాయమన్న ముద్ర ఉంది కదా అని దీన్ని ఒప్పుకోవడం నాకు చేతకాదు. పెద్దాయన మనవడు కొలంబోలో ఫోన్ల దుకాణంలో పనిచేస్తున్నాడట, తాత బుట్ట వైపు తొంగి చూడడట. ఆ కుర్రాడిది తప్పని ఎలా అంటాం? పంపకంలో కూలీ వంతు పెరగాలి, గుంటకు భద్రత రావాలి, రాయికి వెల కట్టే చదువు తవ్వేవాడికీ అందాలి. ఇవేవీ లేకుండా 'ప్రాచీన కళ' అని చప్పట్లు కొట్టడం ఆ ఫైబరు బొమ్మకు దండ వేయడం లాంటిదే.

అయినా ఆ మూడు రోజుల తర్వాత మామయ్య ప్రశ్నకు నా జవాబు పంపకమనే. 2021లో రత్నపురలో ఒక ఇంటి పెరట్లో బావి తవ్వుతుంటే 510 కిలోల నీలాల గుత్తి బయటపడింది, 10 కోట్ల డాలర్లు అని ప్రపంచమంతా మోగించారు. తర్వాత రత్నశాస్త్రజ్ఞులే పెదవి విరిచారు. అలాంటి అదృష్టపు రాయి ఊరిని పోషించదు. కందిగింజంత నీలం, డబ్బాడు దుల్లం, పూడ్చిన మడిలో మళ్లీ వరి పోషిస్తాయి. పెద్ద యంత్రం ఆ లోయనంతా నెలలో గాలించి పారేయగలదు. అప్పుడు వంతులు పంచుకునేవాళ్లు ఐదుగురుండరు, ఒక్కడుంటాడు.

మరి పర్యాటకుడు ఏం చేయాలి? నిజం చెప్పాలంటే, మాలాంటివాళ్లు ఎక్కువైతే ఆ పందిరి కూడా దుకాణంలో బొమ్మ గనిలా తయారవుతుంది. కొన్నిచోట్ల పర్యాటకుల బుట్టలో ముందే రాయి వేసి పెడతారని డ్రైవరే చెప్పాడు. మేం కూడా గుంటవాళ్లకు టీ ఖర్చులకని డబ్బిచ్చాం, మా పాపం మాకుంది. అయినా బీరువా గదిలో గడిపే రెండు గంటల్లో ఒక గంట గాలింపు ఒడ్డున కూర్చోవడం మేలనే అంటాను. అక్కడ కొనడానికి ఏమీ ఉండదు. ఇక రాయే కొనదలిస్తే, పగటి వెలుతురులో చూడండి, ధ్రువపత్రాన్ని కింది నుంచి పైకి చదవండి. వేడి చేయడం మోసం కాదు, వేడి చేయలేదని చెప్పి అమ్మడం మోసం.

మామయ్య నీలం కొనలేదు. శని సంగతి అడిగితే, "నలభై అడుగుల కింద పనిచేసేవాడికి లేని భయం నాకెందుకురా" అన్నాడు. బయల్దేరేటప్పుడు పెద్దాయన ఒక కాగితంలో చారెడు నంబువ పొట్లం కట్టి ఆయన చేతిలో పెట్టాడు. నల్లగా, అక్కడక్కడా దానిమ్మ గింజల్లా ఎర్రగా ఉన్నాయి. వెల ఏమీ లేదు.

ఇంటికి వచ్చాక ఆ పొట్లం పళ్లెంలో పోసి, భూతద్దం పట్టుకుని అత్తయ్యకు కథంతా చెప్పాడు. భూమికి ఐదో వంతు, పంపుకు పదో వంతు అని వేళ్లు మడుస్తూ చెబుతుంటే ఆవిడ శ్రద్ధగా వింది. విని, పళ్లెంలో చేయి పెట్టి కదిపి, "బియ్యం గాలిస్తే నాకు రోజూ అడుగున మిగిలేవి ఇవేగా" అంది.

"అవునుగానీ, ఇవి రత్నపురవి" అన్నాడు మామయ్య.

"సరే, ఇందులో నా వంతెంత?"

"భూమి నీదా, పంపు నీదా? నీకు వంతెక్కడిది?"

"రాయి దొరికేదాకా అన్నం పెట్టినవాడికి సగం అన్నారుగా. నలభై ఏళ్ల నుంచి ఇక్కడ పెడుతున్నది ఎవరు?" అని, మిగతా వంతులు తీసే ఓపిక కూడా చూపకుండా, ఎర్రవన్నీ ఏరుకుని చిన్న సీసాలో పోసుకుంది.